ఇవాళ్టికింతే

కుళాయి వెనక గోడకు ఆనించిన పుస్తకం మీద సబ్బు నురగ చిందుతున్నా ఆవిడ తోమడం ఆపలేదు, చదవడమూ ఆపలేదు. ఆరున్నరకు ఇంగ్లీషు పరీక్ష. అంతా నోటితోనే చెప్పాలి. ప్యాసైతే ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని తప్పి, రిసెప్షన్‌లో కుర్చీ దొరుకుతుంది. ఇదివరకు రెండుసార్లు వెళ్లలేకపోయింది. ఒకసారి అత్తగారి తరఫు చుట్టాలు దిగారు, ఇంకోసారి మొగుడి చొక్కాల ఇస్త్రీ తెమలలేదు. "పని ముగించుకుని వెళ్లు, ఎవరొద్దన్నారు?" అన్నాడాయన రెండుసార్లూ, ఎంతో పెద్ద మనసుతో. ఈసారీ రాకపోతే మళ్లీ పేరు రాసుకోనని పాఠాలు చెప్పే మేడమ్ తెగేసి చెప్పింది.

'కాల్ ఇట్ ఎ డే' దగ్గర ఆవిడ చూపు ఆగింది. ఇవాళ్టికి పని చాలించడమట. బాగానే ఉంది. ఆయన గుమ్మంలో బూట్లు విడుస్తూనే చాలిస్తాడు. అత్తగారు చెయ్యి కడుక్కోగానే చాలిస్తుంది. తనకు పని పూర్తయితే కదా ఆ మాట అనడానికి! పొయ్యి తుడిచేసరికి మంచినీళ్లు పట్టాలి, నీళ్లు పట్టేసరికి రేపటి కూరగాయలు తరగాలి. పెళ్లయి పద్దెనిమిదేళ్లు, పని అయిపోయిన రోజంటూ ఒక్కటీ గుర్తులేదు. ఆవిడకు ఒళ్లు మండింది.

పక్కనే పళ్లేలు తుడుస్తున్న కూతురికి అప్పజెప్పింది. "పనంతా అయ్యాక అనే మాట. అంతేనా?"

పదో తరగతి పిల్ల పుస్తకంలోకి తొంగిచూసి పకపకా నవ్వింది. "తప్పమ్మా! అంతా అయిపోతే ఇంక చాలించేదేముంది? మిగిలుండగానే, ఇవాళ్టికింతే అని మనమే ఆపేస్తాం చూడు, అప్పుడనాలి. ఇదిగో, కింద రాశారు."

ఆవిడ తడిచేత్తోనే పుస్తకం లాక్కుని చదివింది. మళ్లీ చదివింది. మిగిలుండగానే! అయితే ఆయన మాత్రం ఆఫీసులో కాగితాలన్నీ ఖాళీ చేసి వస్తున్నాడా ఏం? మిగిల్చే వస్తున్నాడు, ఈల వేసుకుంటూ మరీ. ఇన్నేళ్లూ తను గిన్నెల దగ్గర సెలవడుగుతూ కూర్చుంది. ఎంత వెర్రిబాగులదాన్ని అనుకుంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఎగిరి గంతేయాలనీ అనిపించింది.

చేతులు తుడుచుకుంది. బట్టలు మార్చుకుని, సంచి భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టింది. సింకులో సగం గిన్నెలు జిడ్డుతో అలాగే ఉన్నాయి.

టీవీ ముందు నుంచి ఆయన మెడ తిప్పాడు. "ఏమే, ఎక్కడికి? పనింకా మిగిలే ఉందిగా?"

"మిగిలుందండీ," అంది ఆవిడ సంతోషంగా. "అందుకే వెళ్తున్నా."