లోడు ఉన్నచోట

వీధి మొదట్లో ట్రాన్స్‌ఫార్మరు. దాన్ని ఆనుకుని బావగారి మేడ. వీధి చివర చిన్నకోడలి పిండిమర. కరెంటు బావగారింట్లో దర్జాగా కూర్చుని, దారిలో అందరినీ పలకరించి, ఆవిడ గడపకు వచ్చేసరికి ఆయాసంతో చతికిలబడేది. మోటారు మూలిగేదే తప్ప తిరిగేది కాదు. ఒకసారి కాలిపోయింది కూడా. మళ్లీ కాలితే మర మూసుకోవడమే.

అందుకే వీధి సంఘం సోలారు పలకలు కొంటున్నదని తెలిసి ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ఇంజనీరు వచ్చి తీగల వెంట నడిచి చూసి, "లోడు ఎక్కువున్న చోట పెట్టండి. చివరికైతే ఇంకా మంచిది" అని చెప్పి వెళ్లాడు.

సంఘం అధ్యక్షుడు బావగారే. "లోడంటే బరువు. అంత బరువు మోయగల మేడ ఎవరిది?" అని సభలో అడిగారు. అందరూ తలలెత్తి కప్పు చూశారు. సభ జరుగుతున్నది ఆయన మేడలోనే మరి.

"లోడంటే కరెంటు వాడకం బావగారూ. పైగా చివరికి అన్నాడుగా?" అంది చిన్నకోడలు.

"అవునమ్మా. చివరికి మా ఇంటి మీదే అని తేలిందిగా."

పలకలు మేడెక్కాయి. ఆ చివరి ఇళ్లకు కాస్తయినా అందాలని ట్రాన్స్‌ఫార్మరు దగ్గర అప్పటికే వోల్టేజి పెంచి పంపుతున్నారు. దానికి పలకల కరెంటు కూడా తోడయ్యేసరికి, మిట్టమధ్యాహ్నం వోల్టేజి హద్దు దాటి, పలకల కరెంటును తీగల్లోకి పంపే ఇన్వర్టరు పెట్టె తనంతట తానే ఆగిపోయేది. మబ్బు పడితే మాత్రం భేషుగ్గా పనిచేసేది. వీధి చివర మోటారు మూలుగు మూలుగే.

"పలకలు మా ఇంటి మీదికి మార్చండి బావగారూ."

"ఎక్కించినవి దించితే నలుగురూ నవ్వరూ? లోడు, లోడు అంటున్నావుగా, నీ మరనే ఇక్కడికి తెచ్చుకో."

ఆయన వేళాకోళమాడారు. ఆవిడ పెద్దల మాట జవదాటే మనిషి కాదు. మర్నాడు మర బండెక్కి బావగారి వరండాలో దిగింది.

మీట నొక్కగానే మోటారు అందుకుంది. కరెంటంతా అది మింగేస్తుంటే పలకలు కూడా ఆగలేదు. "చూశారా నా లెక్క" అని బావగారు వచ్చేపోయే వాళ్లకు చెప్పుకున్నారు, మిరపకాయల బేరం వచ్చేవరకు. ఆ తర్వాత చెప్పడానికి ఊపిరాడలేదు.

పెద్దకోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏవండీ, ఈ మరైనా కదలాలి, నేనైనా కదలాలి."

"మర తీసేయమ్మా" అన్నారు బావగారు.

"తీసేస్తా. మిట్టమధ్యాహ్నం మీ పలకలు మళ్లీ పడుకుంటాయి. నలుగురూ అడిగితే ఏం చెబుతారు? రెండూ కలిసి మా ఇంటికే వస్తే పోదూ?"

ఆయన ఏదో అనబోయి తుమ్మారు. ఆవిడ ఆ తుమ్మునే సంఘం తీర్మానంగా స్వీకరించి, పలకలు దించే మనుషులను పిలిపించింది.

ఇప్పుడు ఎండ ఉన్నంతసేపూ వీధి చివర మర తిరుగుతోంది. మధ్య ఇళ్ల ఫ్యాన్లు కూడా తేరుకున్నాయి. ఇదంతా అధ్యక్షులవారి దూరదృష్టేనని సంఘం మెచ్చుకుంది. చిన్నకోడలు కాదనలేదు, వాకిట్లో బేరాలు వరసకట్టి ఉన్నాయి.