ఓపెన్ స్టూడియోలో అచ్చాయమ్మగారి పళ్ళు

మా ఆయన సాలమోను మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నేను చెప్పబోయేది వింటే మీకు అలా అనిపించకపోవచ్చు.

అమలాపురంలో కాలవగట్టు పక్కన పెయింటర్ల వీధి అని ఒకటుండేది. పేరుకి వీధి గాని ఉన్నవి మూడు పాకలు, ఒక పెంకుటిల్లు. పెంకుటిల్లు మాది. ఒక పాకలో గంగాధర్ అని అంతర్వేది నుంచి వచ్చినతను పడవలకి రంగులేసి పేర్లు రాసేవాడు. రెండో దాంట్లో నాగమణి మట్టిబొమ్మలకి కళ్ళూ మీసాలూ దిద్దేది. మూడోది హైస్కూలు డ్రాయింగు మేష్టారు ప్రభాకరరావు గారిది. మా ఆయన కొట్లకి బోర్డులు రాసేవాడు. బోర్డు రాసి ఊరుకుంటే నాకే గొడవా లేదు. మిగిలిన రంగులతో కాలవలూ, కొబ్బరితోటలూ, ఏటి మీదుగా కాలవని దాటించే గన్నవరం అక్విడక్టూ వేసి ఇల్లంతా నింపేసేవాడు. నేను బళ్ళో పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోయి ఇంటికొచ్చేసరికి నా మంచం మీద ఒక గోదావరి ఆరుతూ ఉండేది. నా చీరల్లో గోదావరి అంటని చీర లేదు.

మా నాన్నగారు ఇస్సాకు మేష్టారు, రిటైరైన హెడ్మాస్టరు. అల్లుడి గురించి ఎవరైనా అడిగితే "రంగుల లైనులో ఉన్నాడండి" అని చెప్పి వెంటనే వర్షాల గురించి మాట్లాడేవారు. ఆ ఏడాది, అంటే డెబ్భై ఎనిమిదిలో, ఎవరెవరి చుట్టూనో తిరిగి రాజోలులో ఒక ఆఫీసులో అల్లుడికి గుమస్తా ఉద్యోగం ఖాయం చేసుకొచ్చారు. సోమవారం చేరాలి. కుంచెలు మాత్రం అటకెక్కించెయ్యాలన్నారు. ఆఫీసు మనిషి చేతికి రంగు కనిపిస్తే పరువు పోతుందట. నేను నాన్నగారి పక్షమే. నిజం దాచడం ఎందుకు?

సరిగ్గా అప్పుడే ప్రభాకరరావు గారు మద్రాసులో ఏదో ట్రైనింగుకి వెళ్ళొచ్చి ఒక మాట మోసుకొచ్చారు. అక్కడ ఆర్టిస్టులు ఏడాదికోరోజు తలుపులు బార్లా తీసిపెడతారట. దారిన పోయేవాళ్ళెవరైనా లోపలికొచ్చి బొమ్మలు చూడొచ్చట. దాన్ని ఓపెన్ స్టూడియో అంటారట. మన వీధిలోనూ ఈ ఆదివారమే పెట్టేద్దామన్నారు.

అది విన్న మా ఆయన తిన్నగా మా నాన్నగారి దగ్గరికెళ్ళాడు.

"మావయ్యగారూ, ఆదివారం ఒక్కరైనా నేనేసిన బొమ్మ కావాలని అడిగి వాళ్ళింటి గోడకి తగిలించుకుంటానంటే నేను రాజోలు వెళ్ళనండి. ఎవరూ అడక్కపోతే సోమవారం మొదటి బస్సెక్కేస్తానండి. ఇంక జన్మలో కుంచె ముట్టనండి."

"ఆయ్, అలాగే కానీవయ్యా," అన్నారు మా నాన్నగారు చాలా సంతోషంగా. నేను శనివారమే పెట్టె సర్దేశాను.

ఊరికి కబురు చెప్పే పని బుల్లబ్బాయికి అప్పగించారు. సినిమా మారినప్పుడల్లా రిక్షాలో మైకు పట్టుకుని తిరిగేది అతనే. ప్రభాకరరావు గారు "కళాకారుల ఓపెన్ స్టూడియో, ప్రవేశం ఉచితం" అని శుభ్రంగా రాసిచ్చారు. కాని కాయితం చూసి చదవడం బుల్లబ్బాయికి నామోషీ.

"అమ్మలారా! అయ్యలారా! పెయింటర్ల వీధిలో సరికొత్త స్టూడియో ఓపెన్! అంతా ఉచితం! సకుటుంబ సపరివారంగా విచ్చేయండి!"

మా ప్రాంతంలో స్టూడియో అంటే ఫోటోలు తీసే చోటు. ఇంకో అర్థం ఎవరికీ తెలీదు. మేష్టారు చెప్పేదాకా నాకు మాత్రం తెలుసా? అయినా పొరపాటు నా బుర్రకి తట్టలేదు.

ఆదివారం చర్చి అయ్యి వచ్చేసరికి వీధి చివరిదాకా జనం. పట్టుచీరలు, పౌడరు మొహాలు, నూనె రాసి అణిచిన క్రాపులు. ఒక కొత్త జంట పూలదండలతో సహా దిగింది. మా ఆయన కళ్ళు చెమర్చాయి.

"చూసేవా పుష్పా, బొమ్మలంటే జనానికి ఎంత గౌరవమో! పట్టుబట్టలు కట్టుకొచ్చేరు!"

వాళ్ళు లోపలికి రావడమే తరువాయి, మా ఆయన వేసిన కాలవకి వీపు చూపించి వరసగా నిలబడిపోయారు. పిల్లల్ని ముందు కూర్చోబెట్టారు. గంగాధర్ పాకలో సగం రంగేసిన పడవలోకి ఒక కుటుంబం మొత్తం ఎక్కేసింది. ఇంకొకాయన నాగమణి చేసిన మట్టి పులి మీద చెయ్యేసి మీసం తిప్పుతున్నాడు.

సూర్యావతి అని నలుగురు పిల్లల తల్లి, మా ఆయన కొబ్బరితోటని కిందనుంచి పైదాకా చూసి మూతి విరిచింది.

"ఎనక తెరకి వేరే సీను లేదేటండీ? ఇంటి ముందూ ఈ చెట్లే, ఎనకా ఈ చెట్లే. ఫోటోలో కూడానా? తాజ్‌మహల్ సీను పెట్టండి."

"ఇది సీను కాదండి, బొమ్మండి," అన్నాడు మా ఆయన.

"సరే, పోనీ మేడమెట్ల సీనైనా ఉందేటండీ?"

మా నాన్నగారు అరుగు మీద కుర్చీ వేయించుకుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని, పండగ చూస్తున్నట్టు చూస్తున్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడాదంతా కూర్చుని వేసిన బొమ్మల్ని ఒక్కరూ చూడటం లేదు. అందరూ వాటికి వీపులు చూపిస్తున్నారు. మా ఆయన మొహం చూస్తే జాలేసింది.

ఇంతలో "కెమెరా ఏదీ?" అని ఎవరో అరిచారు. గన్నవరం నుంచి అప్పన్న అనే భారీ మనిషి తన నాయనమ్మ అచ్చాయమ్మగారిని కుర్చీతో సహా బస్సులో వేసుకొచ్చాడు. ఆవిడకి తొంభై దాటాయి.

"ఉండగానే ఒకటి తీయించి పెట్టుకుంటే రేపు దండెయ్యడానికి ఎతుక్కోనక్కర్లేదు కదండీ," అన్నాడు అప్పన్న.

"నువ్వు ముందు తీయించుకోరా," అంది ఆవిడ. "ఎవరిది ముందో చెప్పలేం."

జనం గోల ఎక్కువైంది. గంగాధర్‌కి భయమేసి, మా నల్ల దుప్పటి లాక్కొచ్చి మా ఆయన మీదా బొమ్మలేసే స్టాండు మీదా, ముందు కాస్త సందు వదిలి కప్పేశాడు. "కెమెరా లోపలుందండి! మామ్మగారూ, కదలకండి!" అని కేకేశాడు. దుప్పటి కింద మా ఆయన ఏం చేస్తాడు? చేతిలో బొగ్గు ఉంది, ఎదురుగా ముసలావిడ ఉంది. గీయడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు అచ్చాయమ్మగారు రెప్ప కూడా వెయ్యలేదు. ఆవిడ్ని చూసి వీధిలో ఉన్నవాళ్ళంతా ఊపిరి బిగబట్టుకున్నారు.

"ఇంకా టిక్కుమనలేదేటండీ?" అన్నాడు అప్పన్న చివరికి.

"టిక్," అన్నాడు గంగాధర్ నోటితో.

మా ఆయన చెమటలు కక్కుతూ బయటికొచ్చి కాయితం చూపించాడు. ముడతలతో సహా అచ్చాయమ్మగారే. అప్పన్న మొహం మాడిపోయింది.

"ఇదేటండీ, చేత్తో గీసేసేరు! ఫోటో అన్నారు కదండీ!"

మా నాన్నగారు నవ్వుతూ గొడుగు తీసుకుని లేచారు. "రేపు ఆరింటికే బస్సయ్యా," అన్నారు మా ఆయనతో. మా ఆయన తల దించుకున్నాడు. అప్పుడు అచ్చాయమ్మగారు కాయితం లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"నేనే. కాని పళ్ళేవీ?"

"మీకు లేవు కదండీ మామ్మగారూ."

"ఆ సంగతి నీకెందుకు? ఎయ్యి."

మా ఆయన వేశాడు. పైవరసా కిందివరసా, ముత్యాల్లాంటి పళ్ళు. ఆవిడ బోసినోటితో ఎంత నవ్విందంటే నేను కూడా నవ్వేశాను.

"ఒరే అప్పన్నా, దీన్ని నా మంచం ఎదర గోడకి కొట్టరా. ఫోటోవోడు ఉన్నదే తీస్తాడు. ఈ బాబు పోయింది కూడా తెచ్చి పెడతన్నాడు."

"గెలిచేనండి మావయ్యగారూ!" అని మా ఆయన గెంతాడు.

"ఏం గెలిచేవు? ఆవిడ అడిగింది బొమ్మ కాదు, పళ్ళు," అన్నారు మా నాన్నగారు. అయినా వెళ్ళకుండా మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

ఆ తరువాత మా ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ఒకాయనకి మీసం కావాలి. ఇంకొకాయనకి చేతికి వాచీ కావాలి, టైము కూడా ఆయనే చెప్పాడు, పదీ పది. సూర్యావతికి తాజ్‌మహల్ కావాలి, మిలట్రీలో ఉన్న మొగుడు పక్కన కావాలి, ఆ మొగుడు నవ్వుతూ ఉండాలి. ప్రభాకరరావు గారూ నాగమణీ కూడా కూర్చుని గీశారు. సాయంత్రానికి మా ఇంట్లో బొగ్గు ముక్క మిగల్లేదు. నేను పొయ్యిలోంచి తెచ్చిచ్చాను. ఎందుకు తెచ్చిచ్చానో అప్పుడు ఆలోచించలేదు.

జనం వెళ్ళిపోయాక మా నాన్నగారు మెల్లగా వచ్చి స్టాండు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. చొక్కా గుండీ పెట్టుకున్నారు.

"మీ అత్తగారికి ఫోటో లేదయ్యా," అన్నారు. "తీయిద్దాం తీయిద్దామనుకుంటూనే... నా పక్కన కూర్చోబెట్టగలవా?"

మా అమ్మ నాకు నాలుగేళ్ళప్పుడు పోయింది. మొహం గుర్తులేదు. మా నాన్నగారు ఆవిడ గురించి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఎలా ఉండేవారండి?" అన్నాడు మా ఆయన మెల్లగా.

"ఎలా అంటే... ఎప్పుడూ నా మీద విసుక్కుంటున్నట్టు ఉండేదయ్యా. కనుబొమలు ఇలా దగ్గరకొచ్చేసి, మూతి ఓ పక్కకి..."

"అయితే నాకు తెలుసండి," అన్నాడు మా ఆయన. నావైపు తిరిగాడు. "పుష్పా, వచ్చి మావయ్యగారి పక్కన కూర్చో. కొంచెం విసుక్కో."

పదేళ్ళ కాపురంలో నన్ను విసుక్కోమని ఆయన అడగడం అదే మొదటిసారి. కూర్చున్నాను. గోదావరి అంటిన చీరలన్నీ గుర్తు తెచ్చుకున్నాను. రంగు పడ్డ అన్నం గిన్నె గుర్తు తెచ్చుకున్నాను. ఎంత ప్రయత్నించినా విసుగు రాలేదు. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"ఇది ఇవాళ కుదరదండి మావయ్యగారూ," అన్నాడు మా ఆయన బొగ్గు దించి. "రేపు మళ్ళీ కూర్చోవాలి. కాని రేపు ఆరింటికి నేను రాజోలు బస్సు..."

మా నాన్నగారు మెడ తిప్పలేదు. రెప్ప కూడా వెయ్యలేదు.

"మాట్లాడించకయ్యా," అన్నారు పెదాలు కదపకుండా. "కదిలితే పాడైపోద్ది."