నిచ్చెన మీద మూడు దెబ్బలు

గేటు మీద బోర్డులో మా బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. చేతిలో మొక్క, కింద “ప్రకృతే మా ప్రాణం” అని కంపెనీ మాట. మురుగునీటి ట్యాంకు కడుగుతూ అదే బావ చచ్చిపోయి పదకొండు రోజులైంది. బోర్డు మాత్రం దించలేదు.

ట్యాంకులో దిగినవాడు అప్పుడప్పుడు ఇనుప నిచ్చెన మీద మూడుసార్లు కొట్టాలి. పైనున్నవాడు తిరిగి మూడుసార్లు కొట్టాలి. బతికున్నాను, నేనూ ఇక్కడే ఉన్నాను అని. మాస్కులు ఇవ్వని కంపెనీలో మాకు మేం పెట్టుకున్న పద్ధతి అది. ఆరోజు పైన ఉండాల్సింది నేను. చెరువులో చేపలు చచ్చి తేలాయని గొడవై తనిఖీవాళ్లు వస్తున్నారు. సూపర్‌వైజర్ నన్ను లాక్కుపోయి, పరీక్ష కోసం కంపెనీ మురుగుకాలువ దగ్గర నింపాల్సిన పన్నెండు సీసాల్లో తోట కుళాయి నీళ్లు పట్టించాడు. తిరిగొచ్చేసరికి నిచ్చెన మోగడం లేదు.

అప్పట్నుంచీ కంచానికి గరిటె తగిలినా నాకు ఆ దెబ్బలే వినిపిస్తున్నాయి. అక్క మొహం చూడలేకపోతున్నాను.

ఆ నీళ్లు పరీక్షలో నెగ్గాయి. కంపెనీకి పర్యావరణ అవార్డు వచ్చింది, షేరు ధర పెరిగింది. మమ్మల్నందర్నీ షెడ్డులో కూర్చోబెట్టి, మేనేజరు అక్క చేతికి మొక్క ఇవ్వబోయాడు, ఫొటో కోసం.

“పాపం, చెప్పకుండా దిగాడమ్మా. అయినా మీరు మా కుటుంబమే.”

అక్క మొక్క ముట్టుకోలేదు. “ఆయన కొడుతుంటే వినడానికి పైన ఒక్కడూ లేడా?”

నేను లేచాను. “ఉండాల్సింది నేనే అక్కా. కుళాయి నీళ్లు పట్టి కాలువ నీళ్లని రాయడానికి పోయాను.”

“వీడికి మతి పోయింది! కూర్చోరా!” అని సూపర్‌వైజర్ అరిచాడు.

ముసలి వెల్డరు లేచాడు. “పోయినేడు నేనూ పట్టానయ్యా ఆ నీళ్లు.”

“రాత్రిళ్లు మురుగుని చెరువులోకి వదిలే దొంగపైపు తిప్పేది నేనే,” అంది పంపు దగ్గర పనిచేసే ఆవిడ.

తిలాపాపం తలా పిడికెడు. కంపెనీ తన పాపాన్ని ఇన్నాళ్లూ మా చేతులతోనే చేయించింది.

అక్క నన్ను క్షమించలేదు. “ఇదే మాట బయట చెప్తావా?”

“చెప్తాను.”

“అందరూ చెప్పండి. అప్పటిదాకా ఆ గుంటలోకి ఒక్కడు కూడా దిగొద్దు.”

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. సీసాల్లో నీళ్లు మార్చానట, తప్పంతా నాదేనట. వ్యాను కదులుతుంటే వెనక ఇనుము మోగింది. మూడుసార్లు. తిరిగి చూశాను. ట్యాంకు నిచ్చెన దగ్గర అక్క, చేతిలో బావ పానా. తర్వాత వెల్డరు కొట్టాడు. తర్వాత షెడ్డు షెడ్డంతా కొట్టింది.

బావకి ఇవ్వలేకపోయిన జవాబు వ్యాను గోడ మీద, సంకెళ్లతోనే ఇచ్చాను.