ఇందుమతి కారులో దీపం

నేను ఒక కారు పైకప్పుకు బిగించిన చిన్న దీపాన్ని. అరచేతిలో ఇమిడిపోయే పాలరంగు ప్లాస్టిక్ మూత, దాని వెనక రెండు ఇత్తడి రేకుల మధ్య ఇరుక్కుని కూర్చున్న సన్నటి బల్బు, పక్కన మూడు చోట్ల ఆగే మీట. నా ఒళ్లంతా ఇంతే. మీట ఒక చివర ఉంటే నేను అసలు వెలగను. మధ్యలో ఉంటే తలుపు తెరవగానే వెలిగి, మూయగానే ఆరిపోతాను. మూడో చోటికి జరిపితే మాత్రం ఎవరో ఒకరు చెయ్యెత్తి ఆర్పేదాకా వెలుగుతూనే ఉంటాను. మనుషులు నావల్ల పడ్డ తిప్పలన్నీ ఆ మూడో చోటు దగ్గరే పడ్డారు.

నేను పుట్టింది మద్రాసు శివార్లలోని ఒక కర్మాగారంలో. నన్ను అచ్చులోంచి తీసిన అమ్మాయి పక్క మిషను దగ్గరి అమ్మాయితో చెల్లెలి పెళ్లి కబుర్లు చెబుతూ, నా మొహం చూడకుండానే బుట్టలో వేసింది. అక్కడినుంచి ఒక తెల్ల కారు నెత్తికెక్కి ఒంగోలు చేరాను. నా మొదటి యజమాని పొగాకు వ్యాపారి. ఎవరింటికైనా వెళ్లేముందు నన్ను వెలిగించి, అద్దంలో మీసాల రంగు సరిచూసుకునేవాడు. ఆయన డ్రైవరు ఆ వెంటనే నన్ను ఆర్పేసేవాడు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ బాటరీ నిండుగా ఉంది, నేను ఖాళీగా ఉన్నాను.

తర్వాత ఆ కారును చీరాల నుంచి వచ్చిన శేషగిరి కొనుక్కున్నాడు.

శేషగిరి మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాడు. అతని భార్య ఇందుమతి, చీర చేతికి అందిందంటే చాలు, ఎవరి ఒంటికి ఏ రంగు నప్పుతుందో చెప్పేయగలదు. ఇద్దరూ కలిసి చీరలు మూటలు కట్టుకుని పర్చూరు, ఇంకొల్లు పక్క పల్లెలు తిరిగి అమ్మేవాళ్లు. అతను కారు నడపడం, మూటలు మోయడం. అమ్మడమంతా ఆమెదే. పెళ్లయిన కొత్తల్లోనే మెదడువాపు జ్వరం వచ్చి ఆమెకు రెండు చెవులూ పోయాయి. మాట మాత్రం పోలేదు. వేటపాలెంలో ఉండే ఆమె అక్క భ్రమరాంబ రోజూ వచ్చి, చెల్లెలికి ఎదురుగా పీట వేసుకు కూర్చుని, ఒక్కొక్క మాటా నెమ్మదిగా పలుకుతూ పెదవులు చూసి అర్థం చేసుకోవడం నేర్పింది. అలా నేర్చుకున్న విద్యతోనే ఇందుమతి ఊళ్లు తిరిగి బేరాలు చేసేది. కొనేవాళ్లలో సగం మందికి ఆమెకు వినబడదన్న సంగతే తెలియదు. వాళ్లలో వాళ్లు గొణుక్కున్న మాటకు కూడా ఆమె జవాబు చెబితే ఉలిక్కిపడేవాళ్లు.

చిక్కల్లా చీకటి పడ్డాకే. వెలుగు లేకపోతే ఆమెకు పెదవులు కనబడవు. పెదవులు కనబడకపోతే మాట లేదు. మొదట్లో శేషగిరి నన్ను వెలిగించుకుని, బండి నడుపుతూనే ఆమె వైపు తిరిగి మాట్లాడేవాడు. ఒక సాయంత్రం అలా తిరిగి చెబుతుండగా ముందు వెళ్తున్న జొన్నచొప్ప బండిని గుద్దబోయి, కారును మురుగుకాలవలోకి దింపాడు. దెబ్బలేమీ తగల్లేదు. ఆ రోజునుంచి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. మాట్లాడాలనిపిస్తే కారు పక్కకు ఆపాలి, ఇంజను కట్టేయాలి, దీపం వేయాలి, అప్పుడు మాట్లాడుకోవాలి.

అలా నాకు పని దొరికింది. ఊరి బయట చింతచెట్టు కిందో, ఇంటి ముందు గేటు దగ్గరో కారు ఆగేది. ఆ రోజు ఎవరింట్లో ఏం జరిగిందో, ఏ అత్త ఏ కోడలికి నచ్చిన చీరను వద్దందో, అతను చెప్పడం, ఆమె నవ్వడం. ఆమె గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియదు కాబట్టి రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. కారు నిండా మాటలైపోయాక, అదే ఊపులో దిగి ఇంట్లోకి పోయేవాళ్లు. నేను ఇంకా వెలుగుతూనే ఉండేదాన్ని.

మాటలు తాగే కరెంటు కాస్తే. మరపు తాగేదే ఎక్కువ. తెల్లారేసరికి బాటరీ పూర్తిగా పడిపోయి, తాళం తిప్పితే కిర్రుమని కూడా అనేది కాదు. వీధిలో వాళ్లంతా వచ్చి తోసేవాళ్లు. తోసేవాళ్లకు శేషగిరి టీ పోయించేవాడు. కొన్నాళ్లకు వాళ్లు పిలవకుండానే రావడం మొదలుపెట్టారు.

బాటరీలు, వైర్లు చూసే కాలేషాది సంతబజారులో షెడ్డు. చెడిపోయిన కారును లాక్కుపోయిన ప్రతిసారీ అతను నా వైపు వేలు చూపించేవాడు.

"గిరన్నా, బాటరీదేం తప్పు లేదు. ఇదుగో, ఈ లైటు. మీట నడిమిట్లో పెట్టమన్నా గదా? తలుపేస్తే అదే ఆరిపోద్ది."

"నడిమిట్లో పెడితే తలుపు తీసి కూర్చోవాల. దోమలు పీక్కు తింటన్నాయి కాలేషా."

"అయితే దిగేటప్పుడు ఆర్పు."

"ఆర్పుతన్నా. ఒక్కోసారి మర్చిపోతన్నా."

అదే సంభాషణ ఎన్నిసార్లు జరిగిందో. చివరికి ఒక పెళ్లివారింటికి చీరలు తీసుకెళ్లాల్సిన రోజు పొద్దున్నే కారు కదల్లేదు. వాళ్లు వేరేచోట కొనేసుకున్నారు. ఆ కోపంలో శేషగిరి కాలేషాతో నా బల్బే పీకించేశాడు. కాలేషా దాన్ని జేబులో వేసుకుని, "ఇంక నీ బాటరీ జోలికి ఎవరూ రారన్నా" అన్నాడు. నిజంగానే రాలేదు. కారు రోజూ మొదటి తిప్పుకే కదిలేది. వీధిలో వాళ్లకు టీలు కరువయ్యాయి.

బల్బు ఎందుకు తీయించాడో శేషగిరి ఇందుమతికి చెప్పలేదు. చెప్పేంత సంగతి కాదనుకున్నాడు. మొదటి సాయంత్రం ఆమె చెయ్యెత్తి నా మీట జరిపింది. వెలగలేదు. మళ్లీ జరిపింది. తర్వాత చెయ్యి దించి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అతను బండి ఆపలేదు. ఆపి మాత్రం ఏం చేస్తాడు? ఇంటికి పోయాక మాట్లాడుకోవచ్చులే అనుకున్నాడు. ఇంట్లో పొయ్యి, స్నానాలు, రేపటి మూటలు. కారులో పుట్టే మాటలు వేరు, అవి ఇంటిదాకా రాలేదు. తర్వాతి రోజుల్లో ఆమె నా వైపు చెయ్యెత్తడం కూడా మానేసింది.

చలికాలం. పర్చూరు దాటి వస్తున్నారు. పొద్దు గుంకి చీకటి కమ్ముకుంది. రోడ్డుకు అటూ ఇటూ పొగాకు చేలు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జనం చేతుల్లోకి వస్తున్న రోజులు. శేషగిరి జేబులో ఉన్నది మోగింది. ఫోను చేసింది అతని తోడల్లుడు, భ్రమరాంబ భర్త. శేషగిరి కారు పక్కకు లాగి విన్నాడు. "ఎప్పుడు? ... ఇంట్లోనేనా? ... గుంటూరా? వస్తన్నాం, ఇట్నుంచిటే వస్తన్నాం" అన్నాడు.

పక్కన ఇందుమతి అతని గొంతు వినలేదు. ముఖం కనబడలేదు. బండి ఆగిందని మాత్రం తెలిసింది.

శేషగిరి అలవాటుగా నా మీట జరిపాడు. నాలో వెలగడానికి ఏమీ లేదు. ఫోను వెలిగించి మొహం దగ్గర పెట్టుకున్నాడు. ఆ పచ్చటి మసక వెలుగు అతని గడ్డం కూడా దాటలేదు. "ఏంది బావా? ఏమైంది?" అని ఇందుమతి అరుస్తోంది. అప్పుడతను కారు దిగాడు. ఇంజను ఆడుతూనే ఉంది. ముందుకు పోయి పెద్ద దీపాల వెలుగులో నిలబడి, కారులో కూర్చున్న ఆమె వైపు తిరిగి చెప్పాడు.

"అక్క పడిపోయింది! గుంటూరు తీసకెళ్లారు!"

నాకు ముందు అద్దంలోంచి అతను బాగానే కనబడ్డాడు. వెలుగు కిందినుంచి కొడుతుంటే పెదవుల నీడ పైకి సాగి మీసంలో కలిసిపోయింది. కళ్లు చిట్లించుకున్నాడు. పురుగులు ముసురుకున్నాయి. అద్దం నిండా పల్లెల దుమ్ము. ఆ దుమ్ములోంచి, ఆ నీడల్లోంచి ఇందుమతి ఏరుకోగలిగింది ఏరుకుంది. అక్క. పోయింది. తీసకెళ్లారు.

ఆమె రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. అతను పరుగున వచ్చి తలుపు తెరిచేసరికి కొంగు మొహం మీదికి లాక్కుని ముడుచుకుపోయింది. "అది కాదే, పడిపోయింది, పడి, పడి!" అని అతను ఆమె భుజాలు పట్టి కుదుపుతున్నాడు. చెవులు పోయిన మనిషి కళ్లు కూడా మూసుకుంటే ఇంక ఏ మాటకూ దారి ఉండదు. అతను కొంగు తీయబోతే చేతులు తోసేసింది. ఓదారుస్తున్నాడనుకుంది.

అక్కడ నిలబడి పొద్దుపుచ్చే సమయం కాదది. కారు తిప్పాడు. ఒక చేత్తో నడుపుతూ, రెండో చేత్తో ఆమె అరచెయ్యి పట్టుకుని, బొటనవేలితో 'ప' రాశాడు, 'డి' రాశాడు. ఆమె చెయ్యి లాక్కుంది. చిలకలూరిపేటలో ఒక కిళ్లీకొట్టు ట్యూబులైటు ముందు ఆపి, మళ్లీ భుజం తట్టాడు. కొంగు తొలగలేదు. కొట్టువాడు తొంగి చూసి, "ఎవరు పోయారయ్యా?" అన్నాడు.

"ఎవరూ పోలేదు" అని శేషగిరి వాడి మీద అరిచి బండి కదిలించాడు.

గుంటూరు దాకా ఆమె అక్కా, అక్కా అని పిలుచుకుంటూ ఏడ్చింది. పీట వేసుకుని కూర్చున్న అక్క, జ్వరంలో తల ఒళ్లో పెట్టుకున్న అక్క. ఆ ఏడుపులో ఒక మాట నేను విన్నాను, శేషగిరీ విన్నాడు. "నాకు ఎదురుగ్గా కూర్చుని మాట్లాడేదానివి నువ్వొక్కదానివే మిగిలావు, నువ్వూ పోయావా." అది విన్నాక అతను ఆమె భుజం తట్టడం మానేశాడు. కళ్లు తుడుచుకుంటూ నడిపాడు.

ఆసుపత్రిలో జరిగింది నేను చూడలేదు. తర్వాత వాళ్లు చెప్పుకోగా తెలిసిందే. భ్రమరాంబకు పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకు వాలిపోయింది. మాట ముద్దగా వస్తోంది. ఏమంటోందో ఆమె భర్తకూ అర్థం కాలేదు, నర్సుకూ అర్థం కాలేదు. శవాన్ని చూడ్డానికని లోపలికి వచ్చిన ఇందుమతి, మంచం మీద తెరిచి ఉన్న కళ్లు చూసి గుమ్మంలోనే నిలబడిపోయిందట. భ్రమరాంబ పెదవులు ఒక పక్కే కదిలాయట. ఆ సగం చాలింది ఇందుమతికి.

"ఏమంటంది?" అని భ్రమరాంబ భర్త అడిగాడు.

"ఏడవబాక, ముక్కు చీదుకో అంటంది" అని చెప్పి, ఇందుమతి ఆసుపత్రి దద్దరిల్లేలా నవ్విందట.

అక్క కోలుకుని ఇంటికి చేరేదాకా ఇందుమతి గుంటూరులోనే ఉంది. అక్కకు ఏం కావాలో అందరికీ చెప్పే పని ఆమెదే. తిరిగి చీరాల వెళ్లే రోజు, పట్టపగలు, శేషగిరి ఊరి బయట కారు ఆపి ఇంజను కట్టేశాడు. ఎండ వెలుగులో అతని మొహం నిండుగా కనబడుతోంది. అయినా మొదట మాట్లాడింది ఆమే.

"బల్బు ఎందుకు తీయించావు బావా?"

"బాటరీ పడిపోతందని."

"అంతేనా?"

"ఇంకేముంటది?"

ఆమె నా వైపు చూసింది. "నాతో మాట్లాడీ మాట్లాడీ విసుగొచ్చిందేమో అనుకున్నా. చెవిటిదానితో ఎన్నాళ్లు కుస్తీ పడతాడులే అనుకున్నా. నిన్ను అడిగితే అవునంటావేమోనని అడగలేదు."

శేషగిరి వెంటనే ఇంజను వేశాడు. చీరాల చేరగానే ఇంటికి పోకుండా కారును తిన్నగా కాలేషా షెడ్డుకు తోలాడు.

కాలేషా సంగతంతా విని, తక్కువ కరెంటు తాగే కొత్త బల్బు నాలో పెట్టాడు. దానికి తోడు, నేను వెలుగుతుండగా తలుపు తెరిస్తే కీచుమని మోగే చిన్న బజరు కూడా బిగించాడు. ఇంక మర్చిపోవడమనేది ఉండదన్నాడు. ఇంటి దగ్గర శేషగిరి ముందు దిగి గేటు తీసేవాడు. చివర దిగేది ఇందుమతి. ఆమె చెవి పక్కనే బజరు గోల పెడుతుంటే మూటలు తీసుకుని, ప్రశాంతంగా తలుపు మూసి వచ్చేసేది. బజరు ఆగిందంటే ఆమె దీపం ఆర్పిందని అతను అనుకునేవాడు. తెల్లారి వీధిలో వాళ్లు మళ్లీ టీలకు వచ్చారు.

ఉపాయం ఇందుమతే కనిపెట్టింది. నూలు పోగులు పేని ఒక తాడు చేసి, దానికి ఇంటి తాళంచెవి కట్టి, నా మూత అంచున చిన్న కొక్కెం బిగించి దానికి తగిలించింది. తాళంచెవి లేనిదే ఇంట్లోకి పోలేరు. తాళంచెవి కావాలంటే తలెత్తి నన్ను చూడాలి. చూసిన మనిషి ఆర్పకుండా పోలేడు. కాలేషా ఆ తాడును వేలితో ఊపి చూసి, "ఇది నాకు తట్టలేదక్కా" అన్నాడు. ఆ తర్వాత నావల్ల బాటరీ ఒక్కసారి కూడా పడిపోలేదు. సాయంత్రాల మాటలు మాత్రం తగ్గలేదు. ఆదివారాలు వేటపాలెం వెళ్లి భ్రమరాంబను ఎక్కించుకుంటే, ముగ్గురి మధ్యా నాకు ఊపిరాడేది కాదు.

సముద్రపు గాలికి కారు అడుగు తుప్పు పట్టి, చివరికి చిల్లులు పడింది. కాలేషా దాన్ని విడదీసి పనికొచ్చే సామాను ఉంచుకున్నాడు. నేను ఇప్పుడు అతని షెడ్డులో, పాత హారన్లతో, వైపరు మోటార్లతో కలిసి ఒక రేకు డబ్బాలో ఉన్నాను. నాకేం దిగులు లేదు. దీపానికి ఆరిపోవడం కూడా పనిలో భాగమే.

శేషగిరి వాళ్లు కొత్త కారు కొన్నారు. దానిలో దీపాన్ని ఎవరూ ఆర్పనక్కర్లేదట. ఇంజను కట్టేసిన కాసేపటికి దానంతటదే ఆరిపోతుందట. బాటరీకి భయమే లేదని కాలేషా వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు. చిక్కల్లా, మాట మధ్యలో ఉండగానే చీకటి పడిపోతుంది. అప్పుడు ఇందుమతి తన వైపు తలుపు కొంచెం తెరిచి, మళ్లీ మూస్తుందట. దీపం వెలుగుతుంది. అంతదాకా నోరు తెరుచుకుని ఆగి ఉన్న శేషగిరి, ఆగిన మాట దగ్గరనుంచే మళ్లీ మొదలుపెడతాడట.