తెల్లచీరల బుట్ట

మా కోడలు ఫెబి బట్టలు ఉతికేముందు రంగులు విడదీయదు. మనవరాలు జాయ్ మెరూన్ రంగు స్కూలు స్వెట్టరు, నా కొడుకు రత్నకుమార్ జీన్స్, తువ్వాళ్ళు, అన్నీ కలిపి మిషన్‌లో కుక్కుతుంది.

"తెల్లవి పాడైపోవూ?" అని నేనిక్కడికి వచ్చిన కొత్తలో అడిగాను.

"ఇప్పుడెవరు విడదీస్తున్నారత్తయ్యా! ఇదిగో, ఈ కాగితం ఒకటి పడేస్తే దిగిన రంగంతా అదే పీల్చేసుకుంటుంది."

నా బట్టలకు మాత్రం వేరే బుట్ట పెట్టింది, నా గది గుమ్మం పక్కన. మా ఆయన జీవరత్నం పోయినప్పటి నుంచి నేను తెల్లచీరలే కడుతున్నాను. వాటి తెలుపు చెడకూడదని కాబోలు అనుకున్నాను. ఐర్లండ్‌లోని ఈ పోర్ట్‌లీష్ ఊళ్ళో మా తెలుగు సంఘం ఆరాధనకు కూడుకునే హాల్లో దేవమణితో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

"నీకేం మార్తమ్మా, బంగారం లాంటి కోడలు! మా దాని పుణ్యాన నా తెల్లచీరలు వంటింటి మసిగుడ్డలయ్యాయి," అంది.

పోయిన శుక్రవారం ఉతకాల్సిన బట్టల్లో జాయ్ తెల్లచొక్కా ఆ మెరూన్ స్వెట్టరు కింద కనిపించింది. రంగంటుకుంటుందని తీసి నా బుట్టలో వేశాను. ఆస్పత్రికి డ్యూటీకి బయలుదేరుతున్న ఫెబి అది చూసి గబగబా వచ్చింది.

"అయ్యో, అందులో వేశారేంటి!"

"తెల్లదే కదమ్మా?"

చొక్కాను రెండు వేళ్ళతో పైకి తీసింది. "రంగు గురించి కాదండీ. మీరు దగ్గినప్పుడూ తుమ్మినప్పుడూ కాస్త చీర తడుస్తుంది కదా. వాసన ఉంటుంది. మా వార్డులో కూడా పేషెంట్ల బట్టలు వేరే సంచిలోనే కడతాం."

మెట్ల మీద కూర్చున్న జాయ్ తల ఎత్తకుండానే, "ఇట్స్ గ్రాండ్, నానమ్మా," అంది. ఫరవాలేదనడానికి ఇక్కడి వాళ్ళ మాట అది.

రత్నకుమార్ కేసి చూశాను. వాడు ఫోను కేసి చూస్తున్నాడు. "హైజీనమ్మా. నర్సు కదా, తనకి తెలుస్తుంది," అన్నాడు. వాడి పక్కతడి బట్టలు నేను దేనితో కలిపి ఉతికానో వాడికి గుర్తుండదు.

ఆదివారం ప్రభు బల్ల, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. ఆ రోజు మా ఆడవాళ్ళందరూ తెల్లచీరలే కట్టుకుంటారు. శనివారం ఫెబి మిషన్ నింపి, సబ్బు వేసి, ఫోన్ వస్తే పైకి వెళ్ళింది. నేను బీరువాలోంచి ఇస్త్రీ చేసిన చీర తీసి వాళ్ళ బట్టల మధ్యలోకి తోశాను. ఆ కాగితం తీసి చెత్తలో వేశాను. మీట నొక్కాను.

చీర గులాబీ రంగులో బయటికొచ్చింది. ఒకచోట ముదురు, ఒకచోట లేత.

"ఏం పనమ్మా ఇది!" అన్నాడు రత్నకుమార్.

ఫెబి ముందు తన బట్టలు వాసన చూసుకుంది. తర్వాత అడిగింది, "రేపు ఏం కట్టుకుంటారు?"

"ఇదే."

మర్నాడు హాల్లో తెల్లచీరల వరసలో నేనొక్కదాన్నే రంగుచీరలో కూర్చున్నాను. దేవమణి బుగ్గ నొక్కుకుంది.

"ఇదేంటే మార్తమ్మా, ఈ వయసులో ఈ సోకు?"

"మా ఇంట్లో అందరి బట్టలూ కలిపే ఉతుకుతాం," అన్నాను, గట్టిగానే.

పక్కనున్న ఫెబి పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

సోమవారం పొద్దున నా గుమ్మం పక్కన పాత బుట్ట లేదు. ఒక్క క్షణం నా గుండె తేలికపడింది. తలుపు పూర్తిగా తీశాక కనిపించింది, కొత్త బుట్ట. దీనికి మూత కూడా ఉంది.