గొంగడి వీరుడి ఎడమ కన్ను

అనంతగిరి గుట్ట మీది క్షయ ఆసుపత్రిలో ప్రతి మంచం పక్కన మూత ఉన్న డబ్బా ఒకటి ఉంటుంది. రోగులు అందులోనే ఉమ్మాలి. నా భార్య ఇంద్రమ్మను అక్కడ చేర్చి ఎనిమిది నెలలైంది. పదిహేను రోజులకొకసారి తాండూరు నుంచి వికారాబాదు దాకా రైల్లో వెళ్లి, గుట్ట ఎక్కి, ఆమెను చూసి వచ్చేవాణ్ణి. ఎన్నిసార్లు వెళ్లినా ఆ డబ్బా వైపు చూడకుండా ఉండడం నా వల్ల కాలేదు. మూత వేసి ఉన్నా లోపలిది కనబడుతున్నట్టే ఉండేది. ముందు గుట్ట మీది స్వామి గుడిలో తీర్థం పుచ్చుకుని, మనసులో నామం చెప్పుకుంటూ వార్డులో అడుగు పెట్టేవాణ్ణి. బయటికి రాగానే కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కునేవాణ్ణి. ఆమె కిటికీలోంచి చూస్తున్నదని తెలిసి కూడా కడుక్కునేవాణ్ణి.

మా బిడ్డ భాగికి నాలుగేళ్లు. చిన్నపిల్లలను గుట్ట మీదికి తీసుకుపోకూడదు. తల్లి వెళ్లిన మొదటి నెలంతా ఏడ్చింది, తర్వాత మానేసింది. ఈ మధ్య మా అమ్మ ఈశ్వరమ్మను, నేను పిలిచినట్టే, "అమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది. ఆ సంగతి ఇంద్రమ్మతో అనకుండా ఉండాల్సింది. మాటల్లో జారిపోయింది.

ఆమె దుప్పటి కొస వేలికి చుట్టుకుంది. తర్వాత, "గొంగడి వీరుని గురించి అడుగుతుందా?" అంది.

"ఎవరు?"

"పండుకునేటప్పుడు చెప్పేదాన్ని గద. గొంగడి కొసలు మెడకు కట్టుకుని గీ గుట్టల మీదికెళ్లి ఎగిరి వస్తడు. ఒక్క గుద్దు గుద్దితే నాపరాయి బండ రెండు ముక్కలైతది. ఏడ్సే పిల్లల దగ్గరికే వస్తడు."

గోడ అవతల పడుకునేవాణ్ణి. ఆ కథ ఒక్కరోజు కూడా వినలేదు.

"వాణ్ణి బొమ్మ చేసి పంపిస్త," అంది. "వాడు ఇంట్ల ఉంటే నేను యాదికుంట. లేకుంటే బిడ్డ నన్ను మర్సిపోతది."

వార్డులో నర్సు మార్త. వికారాబాదులో మిషను వాళ్ల బడిలో చదివినప్పుడే క్రోషా అల్లిక నేర్చుకున్న మనిషి. కొస వంగిన ఇనుప సూది ఒకటి, ఎర్రదారం ఉండలు తెచ్చి ఇచ్చింది. ఇంద్రమ్మ నేను రాసిన ఉత్తరం వెనుకనే బొగ్గుతో వాడి రూపు గీసుకుంది. ఆ తర్వాత మూడు నెలలు నేను వెళ్లినప్పుడల్లా వాడు ఇంత ఇంత పుట్టుకొస్తూ ఉన్నాడు. ముందు తల. ఆరు కుట్లతో చిన్న చుట్టు వేసి, దాని చుట్టూ కుట్లు పెంచుకుంటూ పోయి, సగమయ్యాక తగ్గించుకుంటూ రావాలట. మొదటిసారి గుమ్మడికాయంత తల వచ్చింది. విప్పేసింది. రెండోసారి తల కుదిరింది గాని మెడ నిలవలేదు. మార్త చింతపుల్ల ఒకటి చెక్కి తెచ్చి మెడలో దూర్చింది. ఇంకోసారి ఒక కాలు పొట్టి అయింది.

"నడుము లేదు గదక్కా వీనికి. అచ్చం అన్న లెక్కనే ఉన్నడు," అని మార్త నన్ను చూసి నవ్వింది.

"ఊకో. ఆయన గుద్దితే అప్పడం గూడ పగలది," అంది ఇంద్రమ్మ. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. డబ్బా అందుకుంది. నేను కిటికీ బయటికి చూశాను.

గొంగడికి కావలసిన నల్ల ఉన్ని మగవాళ్ల వార్డులోని గొర్ల కాపరి బీరప్ప ఇచ్చాడట, తన గొంగడి అంచు పీకి. ఆ మాట వినగానే మంచానికి అడుగు దూరం జరిగాను. అది మార్త కనిపెట్టింది.

"ఫికర్ చేయకన్నా. ఉన్ని ఉడకబెట్టినం. లోపల కొత్త దూది. అల్లిక అయినంక మూడు దినాలు మంచి ఎండల పెడతం. ఎండకు గీ రోగం నిలవది."

చైత్రం చివరలో బొమ్మ పూర్తయింది, మూడు రోజులు ఎండలో పెట్టడమూ అయింది. మూరెడు పొడవు. ఎర్రని రొమ్ము, తలకంటే పెద్ద పిడికిళ్లు, వీపున నల్లగొంగడి, కళ్లకు రెండు నల్ల గుండీలు. నిజం చెప్పాలంటే చక్కగా ఉన్నాడు. తువాలులో చుట్టబోతుంటే ఇంద్రమ్మ ఆపింది.

"ఆగు భాగి నాయినా. ఎడమ కన్ను వదులైంది."

మార్త అప్పుడు ఇంకో మంచం దగ్గర ఉంది. ఇంద్రమ్మ సన్న సూది తీసింది. దారం ఎక్కలేదు. దారం కొస నోట్లో పెట్టుకుంది. నాలుక మీద తడిపి, పెదాలతో నొక్కి, మెలితిప్పి సూదిలోకి ఎక్కించింది. కన్ను బిగించి కుట్టి, ముడి వేసి, బొమ్మ ముఖానికి ముఖం ఆనించి పళ్లతో దారం కొరికింది. తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. నేను తువాలు పట్టుకున్న చేతిని వెనక్కి తీసుకున్నాను.

"ఇగ తీస్కపో," అని నవ్వింది.

తీసుకున్నాను. మళ్లీ ఎండలో పెట్టమని ఎలా చెప్పను? ఆ రోజు కుళాయి దగ్గర మూడుసార్లు కడుక్కున్నాను.

రైల్లో ఆ మూటను ఒంటికి తగలకుండా రెండు వేళ్లతో పట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ చాలాసేపు చూసి, "ఏందయ్యా, కోడినా? కరుస్తదా?" అంది.

"బొమ్మ."

"బొమ్మను గట్ల పడతరా ఎవరన్నా!" అని పక్కనున్న మొగుడితో కలిసి నవ్వింది.

ధారూరు స్టేషను దాటాక మూటను కిటికీలోంచి వదిలేద్దామనుకున్నాను. పిల్ల తీసుకుని మురిసిపోయిందని ఇంద్రమ్మతో చెప్పవచ్చు. నోట్లో దేవుడి నామం, మనసులో ఈ అబద్ధం. మూట కిటికీ దాకా తీసుకుపోయాను కూడా.

అప్పుడు ఆ పెద్దమ్మ సద్ది విప్పింది. మొగుడు తిన్నాడు. తిని, ఆకు ఆమె వైపు జరిపాడు. ఆమె అదే ఆకులో, అతని చేతి మెతుకుల మీదనే అన్నం పెట్టుకుని తినసాగింది. రోజూ చూసేదే. మా ఇంట్లోనూ ఏడేళ్లు అదే. నేను తిని లేచిన కంచంలోనే ఇంద్రమ్మ అన్నం పెట్టుకునేది. నేను నమిలి వదిలిన మునగ తొక్కలు ఒక పక్కకు జరిపి తినేది. ఆమెకు రోత అనిపించిందా అని ఒక్కనాడూ అడగలేదు.

పెళ్లయిన ఏడాది నాపరాళ్ల గనిలో పని చేస్తూ నాలుగు నెలలు దగ్గాను. రాతిదుమ్ము అన్నారు. ఆ నాలుగు నెలలూ ఆమె ఆ కంచంలోనే తిన్నది. ఆసుపత్రిలో చేర్చిననాడు డాక్టరు, "ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా దగ్గు ఉండేదా?" అని అడిగితే లేదన్నాను. దాచాలని కాదు. నా దగ్గు నాకు గుర్తే రాలేదు. నా ఎంగిలి ఆమెకు అన్నమైతే, ఆమె ఎంగిలి ఒక దారప్పోగుకు తగిలితే ఎందుకింత ఏవగింపు? స్వామిని అడిగాను. రోత పోలేదు. అయినా మూటను కిటికీ దగ్గరి నుంచి వెనక్కి తీసుకున్నాను.

ఇంటి గడపలోనే మా అమ్మ అడ్డం నిలబడింది. "గదేంది? గుట్ట మీదిదా? ఇంట్ల పెట్టకు పాండూ. సీదా పొయ్యిల పెట్టు."

"భాగికి తల్లి పంపింది."

"తల్లి పంపిందో, రోగం పంపిందో!"

నాకు కోపం వచ్చింది. రైల్లో నేననుకున్న మాటే అది. పెరట్లోకి వెళ్లి, కాలిపోతున్న నాపరాయి బండ మీద వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టాను. రెండు రోజులు పనికి పోకుండా, కుక్కలూ మా అమ్మా ఎత్తుకుపోకుండా కాపలా కాశాను. భాగి కిటికీ చువ్వలు పట్టుకుని, "నాయినా, బండ మీద ఎవలు పండుకున్నరు?" అని అడుగుతూనే ఉంది.

"ఎవలు లేరు."

"కాళ్లు కనబడుతున్నయి గద!"

రెండో రోజు పొద్దెక్కినా ఎడమ కన్ను వంక చూస్తే అదే రోత. ఆ ఒక్క కన్ను కోసేసి మళ్లీ కుడితే సరిపోతుందనుకున్నాను. కొత్త సూది, కొత్త దారం, కత్తెర తెచ్చుకుని బండ పక్కన కూర్చున్నాను. ముందు దారం ఎక్కించుకుని తర్వాత కోద్దామనుకున్నాను. ఒకసారి పెట్టాను, ఎక్కలేదు. రెండోసారీ ఎక్కలేదు. మూడోసారి ఎక్కింది.

దారం కొస తడిగా ఉంది. నా నాలుక మీద నూలు రుచి ఉంది.

నోట్లో ఎప్పుడు పెట్టుకున్నానో నాకు తెలియదు. దగ్గిన నోరు అది, డాక్టరు ముందు లేదన్న నోరు. ఉమ్మి డబ్బాను చూసినప్పుడు కూడా అంత రోత పుట్టలేదు. సూది, దారం పొయ్యిలో వేసి వచ్చాను. కన్ను జోలికి పోలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కూర్చుని, అప్పుడు భాగిని పిలిచాను.

గుమ్మంలోనే ఆగి కళ్లు పెద్దవి చేసింది. "గొంగడి వీరుడు!"

"నీకెట్ల తెలుసే?"

"అమ్మ చెప్పింది."

"ఏ అమ్మ?"

వంటింట్లో ఉన్న మా అమ్మ వైపు చూసింది. తల అడ్డంగా ఊపింది. బొమ్మను ఎత్తుకుని, దాని గొంగడి సర్ది, "గుట్ట మీది అమ్మ," అంది.

మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని వాణ్ణి ఒళ్లో పెట్టుకుంది. పప్పన్నం ముద్ద చేసి వాడి ముఖానికి నొక్కింది. "తిను, మస్తుగ గుద్దాలె నువ్వు," అంది. కాసేపు చూసి, వాడు తినలేదని ఆ ముద్ద తానే నోట్లో పెట్టుకుంది.

"ఛీ ఛీ! ఆపురా దాన్ని!" అని మా అమ్మ అరిచింది.

నా నాలుక మీద కూడా అదే మాట ఉంది. అన్నంతో పాటు మింగాను. తినడమయ్యాక నా ఎంగిలి కంచం తీసుకుని పెరట్లోకి నడిచి, బూడిదతో మొదటిసారి నేనే తోముకున్నాను. మా అమ్మ గుమ్మంలో నిలబడి, బొమ్మను చూసినదానికంటే రోతగా నన్ను చూసింది.