సభలో చెప్పుకోవాల్సిన మాట

కయాంబే కొండ దిగువన ఉన్న ఒక ఊరి బడిలో తల్లిదండ్రుల సభ ఎప్పుడూ శుక్రవారం మధ్యాహ్నమే. ఆడవాళ్ళు గులాబీ తోటల నుంచి నేరుగా వచ్చి, పిల్లల బెంచీల్లో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చునేవారు. ఎదురుగా టీచర్ల కోసం కుర్చీలు తుడిచి వేసి ఉండేవి. వాటిలో ఎవరూ కూర్చునేవారు కాదు. బడి నడిపే డైరెక్టరు డొన్ ఎఫ్రాయిన్ ఒక్కడే నిలబడి, గోడలకు వేయాల్సిన రంగు గురించీ, అమ్మల పండగకు ఎవరేం వండి తేవాలన్నదాని గురించీ మాట్లాడి సభ ముగించేవాడు. చూసేవారికి అంతా సవ్యంగానే ఉన్నట్టుండేది.

ఒక శుక్రవారం, తోటలో పువ్వులు కోసే జోయిలా మేస్త్రీని బతిమాలి, పని మధ్యలో వచ్చింది. ఆమె చెప్పవలసింది ఒక్కటే మాట. కూతురు తమియాకు చిన్నప్పుడు చీము కారిన ఎడమ చెవి ఇప్పుడు బొత్తిగా వినపడటం లేదు. ఆ సంగతి క్లాసు టీచరు మిరెయాకు తెలియాలి. అంతకుముందు ఒకరోజు బడి గేటు దగ్గరే చెప్పబోతే కాపలావాడు, "పాఠాలు జరుగుతున్నాయమ్మా, ఏదున్నా సభలో చెప్పుకో" అని పంపేశాడు. అందుకని సభకు వచ్చింది.

"టీచరమ్మలు రారా అయ్యా?" అని లేచి అడిగింది.

"వాళ్ళుండే కీటో నగరానికి బస్సు ఇప్పుడే కదమ్మా. అది పోతే మళ్ళీ చీకటి పడ్డాకే. వాళ్ళకీ ఇళ్ళూ పిల్లలూ ఉన్నారు" అన్నాడు డైరెక్టరు.

పక్క బెంచీలో ఉన్న మరో తల్లి లస్తేనియా ఊరుకుంటుందా! "చూశావా వదినా, పెళ్ళికొడుకు రాని పెళ్ళిచూపులకి నెలనెలా మనం ముస్తాబై వస్తున్నాం" అంది. ఆడవాళ్ళు శాలువాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. డైరెక్టరూ నవ్వాడు. సభ అయ్యాక జోయిలా ఆయనకే చెవి సంగతి చెప్పింది. "అలాగేనమ్మా, టీచరుతో చెప్తాలే" అన్నాడు. రంగు డబ్బాల హడావిడిలో మరిచిపోయాడు.

తర్వాతి సభకూ టీచర్లు రాలేదు. ఆ పై సభ ప్రేమికుల రోజుకు ముందు పడింది. పువ్వులు పైదేశాలకు విమానాలెక్కే ఆ రోజుల్లో తోటలో ఎవరికీ సెలవుండదు, జోయిలా వెళ్ళలేకపోయింది. ఆ తర్వాతిదానికి వెళ్ళింది, తిరిగొచ్చింది.

ఈలోగా బడిలో జరగవలసింది జరుగుతూనే ఉంది. పిలిస్తే పలకదు, అడిగిందానికి మరొకటి చెబుతుంది, ఇది పొగరు కాక మరేమిటనుకుంది మిరెయా. తమియాను వెనక బెంచీకి పంపింది. అక్కడ ఆ పిల్లకు వినపడే చెవి కిటికీ వైపు పడింది, రోడ్డు మీద లారీల మోత తప్ప మరేమీ చేరలేదు. తోటి పిల్లలు 'గోడ' అని పేరు పెట్టారు. "గోడా, పద్యం చెప్పవే!" అని వీపు మీద తట్టి పారిపోయేవారు.

పరీక్ష తప్పిన మర్నాడు తమియా పుస్తకాల సంచి పొయ్యి పక్కన పడేసి, "నేనింక వెళ్ళనమ్మా" అంది. జోయిలా బతిమాలింది, కసిరింది, ఒకరోజు చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్ళింది. పిల్ల అక్కడే కూలబడి లోపలికి రానంది. చివరికి ఒతవాలో ఊళ్ళో ఉన్న పిన్ని ఇంటికి, ఆవిడ పసివాళ్ళను చూసుకోవడానికి వెళ్ళిపోయింది. పన్నెండేళ్ళకే దాని చదువు అయిపోయింది.

కొన్నాళ్ళకు కయాంబే పట్నం వెళ్ళే బస్సులో జోయిలాకు మిరెయా కనిపించింది. పక్కకెళ్ళి నిలబడింది.

"టీచరమ్మా, నేను తమియా వాళ్ళ అమ్మని."

"అయ్యో, ఎందుకు మాన్పించారమ్మా? తెలివిలేని పిల్ల కాదు. పిలిస్తే పలికేది కాదు, అంతే."

"దానికి ఎడమ చెవి వినపడదమ్మా."

మిరెయా ముఖంలో రంగు మారింది. "నాకెవరూ చెప్పలేదే! ఒక్క మాట చెప్పి ఉండకూడదా?"

జోయిలా గొంతు పెంచలేదు. "చెప్పడానికే వచ్చానమ్మా, కుదిరిన ప్రతిసారీ. మీ కుర్చీకి చెప్పుకుని వెళ్ళాను."

తర్వాతి నెల సభకు మిరెయా బస్సు వదులుకుని వచ్చింది. మిగతా టీచర్లను కూడా రమ్మంటే, "పువ్వులు కోసేవాళ్ళు మనకి చెప్పేదేముంటుంది?" అని ఒకరు నవ్వారట. తల్లిదండ్రులూ విసిగి, రావడం మానేశారు. బెంచీల్లో ముగ్గురే ఉన్నారు. లస్తేనియా బలవంతం మీద వచ్చిన జోయిలా గుమ్మం దగ్గరే నిలబడింది.

"తమియాని తిరిగి పంపండమ్మా. ముందు బెంచీలో, నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను" అంది మిరెయా.

"ఇప్పుడు దానికి బడి పేరెత్తితేనే జడుపమ్మా. వస్తుందని నేను మాటివ్వలేను" అంది జోయిలా. తమియా రాలేదు కూడా. ఇప్పటికీ ఒతవాలోలో పిన్ని పిల్లలను ఆడిస్తూనే ఉంది.

 మిరెయా చెడ్డది కాదు. బస్సుకు వేళయిందని రోజూ లేచి వెళ్ళిపోయే ఏ టీచరూ చెడ్డవారు కారు. కానీ అయ్యా, అమ్మా, మీరు ఈ మాట వినండి: బిడ్డ సంగతి సగం ఇంట్లో తెలుస్తుంది, సగం బడిలో తెలుస్తుంది, ఆ రెండు సగాలూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోకపోతే, ఆ బిడ్డ చదువు సగంలోనే ఆగిపోతుంది.